జన నాట్య మండలి

జన నాట్య మండలి ఆంధ్ర ప్రదేశ్‌లో 1972లో ఏర్పడిన విప్లవ సాంస్కృతిక సంస్థ. పాట, ఆట, మాట మూడింటినీ కలిపిన ప్రదర్శనలకు ఇది ప్రసిద్ధి చెందింది. గద్దర్‌గా ప్రఖ్యాతుడైన గుమ్మడి విఠల్‌రావు, వంగపండు ప్రసాదరావు, తరువాతి కాలంలో చలనచిత్ర దర్శకుడిగా పేరుపొందిన బి. నర్సింగరావు దీని తొలితరం ప్రముఖులు. 1980 తరువాత ఈ సంస్థ భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు-లెనినిస్టు) పీపుల్స్ వార్ యొక్క సాంస్కృతిక విభాగంగా పనిచేసింది. ఆకాశవాణి, సినిమా, గ్రామఫోను కంపెనీల ఆదరణ ఏమీ లేకుండానే తెలుగునాట ప్రతి మూలకూ చేరిన సంగీత బృందం ఇది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతాంగ, ఆదివాసీ, బొగ్గుగని ఉద్యమాలతో దీనికి విడదీయరాని సంబంధం ఉంది.

పూర్వరంగం

రాజకీయ ప్రచారానికి పాటను వాడుకోవడం తెలుగువారికి కొత్త కాదు. 1943లో ఏర్పడిన ప్రజా నాట్య మండలి కోస్తా జిల్లాలలో బుర్రకథకు కొత్త జీవం పోసింది. షేక్ నాజర్ ఆ కాలపు మహా కళాకారుడు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివారు పల్లె బాణీలలో పాటలు కట్టారు. శ్రీకాకుళ ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ప్రచార సాధనంగా చేసుకొని, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు.

1970 జూలైలో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. అది ప్రధానంగా కవులు, రచయితల సంస్థ. దాని సాహిత్యం అచ్చుపుస్తకాల ద్వారా చదువరులకు చేరేది. అయితే 1971 జనగణన నాటికి రాష్ట్రంలో సుమారు నలుగురికి ఒక్కరే అక్షరాస్యులు. మిగిలిన ముగ్గురిని చేరగలిగినది పాట ఒక్కటే. జన నాట్య మండలి అవసరం ఇక్కడే కలిగింది.

ఆవిర్భావం

సికింద్రాబాదు సమీపంలోని అల్వాల్‌లో బి. నర్సింగరావు, ఆయన మిత్రులు కలిసి ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ అనే సంస్థను నడిపేవారు. కళాసక్తి గల మధ్యతరగతి యువకుల కూటమి అది. మెదక్ జిల్లా తూప్రాన్‌కు చెందిన విఠల్‌రావు అప్పటికే సొంతంగా బుర్రకథ దళం ఏర్పరచుకొని ప్రభుత్వ పథకాల ప్రచారం కూడా చేస్తుండేవాడు. ఆయన ప్రదర్శన చూసిన నర్సింగరావు తమ సంస్థలోకి ఆహ్వానించాడు. రిక్షా కార్మికునిపై విఠల్‌రావు రాసిన పాట ఆయన తొలి విప్లవ గీతంగా చెప్పబడుతుంది. 1972లో సంస్థ పేరు జన నాట్య మండలిగా మారింది.

1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ స్మృతికి గుర్తుగా తొలి పాటల పుస్తకానికి 'గద్దర్' అని పేరు పెట్టారు. జనం ఆ పుస్తకం పేరుతోనే పాటగాణ్ణి పిలవసాగారు. చివరికి అసలు పేరు మరుగున పడి పుస్తకం పేరే మనిషి పేరయింది. ఈ పేరు ఆయన స్వయంగా పెట్టుకున్నది కాదన్న సంగతి చాలామందికి తెలియదు.

మరొక స్థాపక సభ్యుడు వంగపండు ప్రసాదరావు (1943-2020) పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లికి చెందినవాడు. విశాఖపట్టణం షిప్‌యార్డులో కార్మికుడు. ఉత్తరాంధ్ర మాండలికంలో, అక్కడి జానపద నృత్యాల లయలో ఆయన రాసిన పాటలు మండలికి రెండవ ఊపిరిగా నిలిచాయి. భూస్వామ్య వ్యవస్థపై ఆయన రచించిన 'భూమి బాగోతం' అనే నృత్యరూపకం అనేక వందల ప్రదర్శనలు పొందింది. మండలి అనగానే తెలంగాణ గుర్తుకు రావడం సహజమే అయినా, దాని బాణీలలో ఉత్తరాంధ్ర పాలు తక్కువేమీ కాదు.

పాట కట్టే పద్ధతి

తొలినాళ్ళలో మండలి పాటలలో పుస్తక భాష ఎక్కువగా ఉండేది. కూలిజనం వాటిని శ్రద్ధగా వినేవారే గాని తిరిగి పాడుకునేవారు కాదు. ఈ లోపాన్ని గుర్తించిన తరువాత కళాకారులు తమ పద్ధతిని తలకిందులు చేశారు. నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, బిడ్డను ఊయలలో వేసినప్పుడు, చనిపోయినవారిని తలచుకొని ఏడ్చేటప్పుడు పల్లె స్త్రీలు పాడే బాణీలను ముందుగా సేకరించేవారు. ఆ బాణీకి తగిన మాటలు తరువాత కట్టేవారు. కట్టిన పాటను ఊరిలోనే వినిపించి, జనానికి పట్టుబడని మాటను మార్చేవారు. ఒక పాట పూర్తయ్యేసరికి అందులో ఎందరి మాట ఎంత ఉన్నదో చెప్పడం కష్టం.

ఆడపిల్ల పుట్టుకపై 'లచ్చగుమ్మడి' వరసలో గద్దర్ కట్టిన పాట ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఆ వరస తరతరాలుగా ఆడవారి నోట ఉన్నది. అది విన్న తల్లులకు పాట పరాయిదనిపించలేదు. అందులోని విషయం మాత్రం కొత్తది. ఆడబిడ్డను భారమనుకునే సమాజాన్ని అది ప్రశ్నించింది. మరణించిన ఉద్యమకారులను తలచుకొనే స్మృతి గీతాలలో మండలి ఏడ్పుపాటల వరసలను తీసుకొన్నది. ఆ పాటలు వినేటప్పుడు సభలో కన్నీరు పెట్టనివారు ఉండేవారు కాదని, రాజకీయంగా వ్యతిరేకులైనవారు సైతం చెబుతారు.

గొల్లసుద్దులు, ఒగ్గుకథ, యక్షగానం, వీధి భాగవతం వంటి రూపాలన్నీ మండలి చేతిలో మార్పు చెందాయి. ముఖ్యంగా కరీంనగర్ జిల్లా ఒగ్గుకథకు నెలవు. వేములవాడ రాజన్నకు, కొండగట్టు అంజన్నకు మొక్కులు తీర్చుకొనే జనం మల్లన్న కథను, బీరప్ప కథను రాత్రంతా కూర్చుండి వినే అలవాటు గలవారు. వేములవాడ సమీపాన హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి ఒగ్గు కళాకారులు ఇక్కడివారే. ప్రధాన కథకుడు మాట విసరడం, పక్కవాడు దానిని అందుకొని ప్రశ్నించడం, మధ్యలో డోలు దరువు, వెంటనే హాస్యం అనే ఒగ్గుకథ అల్లికకూ మండలి ప్రదర్శనకూ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లవార్లూ కథ వినే ఓపిక గల శ్రోతలు ముందే తయారై ఉండటం మండలికి కలిసివచ్చిన అదృష్టం.

వేషం, వాద్యాలు

మోకాళ్ళ పైకి కట్టిన ధోవతి, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర లేదా ఎర్రగుడ్డ ఇవే మండలి వేషం. గొంగడి కురుమలు నేసే ఉన్ని దుప్పటి. గొర్రెలకాపరులు, రైతులు చలికీ వానకూ కప్పుకొనేది. దీనిని వేదికమీద నాగలిగా, ఊయలగా, శవంగా, కొండగా చూపించేవారు. తెర, రంగులు, దీపాలు అక్కరలేదు. పోలీసులు వస్తే వేదిక విడిచి వెళ్ళిపోవడానికీ ఈ నిరాడంబరత పనికివచ్చింది.

వాద్యాలలో ప్రధానమైనది డప్పు. మాదిగలు తయారుచేసి వాయించే ఈ చర్మవాద్యాన్ని చావుకూ, చాటింపుకూ, జాతరకూ పిలిచేవారే గాని సంగీత సభలో దానికి స్థానం ఉండేది కాదు. వాయించేవాడు వాకిలి బయటనే నిలబడవలసి వచ్చేది. మండలి దానిని వేదిక నడుమకు తెచ్చింది. ఈ ఒక్క మార్పు ఎన్నో ఉపన్యాసాలకన్న బలమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తరువాతి దళిత ఉద్యమాలలోనూ, తెలంగాణ ఉద్యమంలోనూ డప్పు ఆత్మగౌరవ చిహ్నం కావడానికి దారి ఇక్కడినుండే పడింది.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో

అత్యవసర పరిస్థితి (1975-77) కాలంలో నిర్బంధం వలన మండలి కార్యకలాపాలు దాదాపు నిలిచిపోయాయి. గద్దర్ కూడా అరెస్టయ్యాడు. ఎత్తివేసిన తరువాత వచ్చిన కొద్దికాలపు స్వేచ్ఛలో మండలి విస్తృతంగా పల్లెలకు వెళ్ళింది. 1974లో ఏర్పడిన రాడికల్ విద్యార్థి సంఘం వేసవి సెలవులలో 'గ్రామాలకు తరలండి' అనే పిలుపుతో విద్యార్థులను ఊళ్ళకు పంపేది. బయలుదేరేముందు వారికి పాటలలో శిక్షణ ఇచ్చేవారు. ఒక్కొక్క జట్టు ఊరూరా తిరిగి, పగలు కూలీల బాధలు తెలుసుకొని, రాత్రి పాటలు పాడేది.

సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలలో ఈ ప్రచారం ఫలించింది. వెట్టిచాకిరీ రద్దు, కూలిరేట్ల పెంపు, దొరలు ఆక్రమించిన బంజరుల పంపకం అనే కోర్కెలపై రైతుకూలీ సంఘాలు ఏర్పడ్డాయి. 1978 సెప్టెంబరులో వేలాది రైతుకూలీలు జగిత్యాల పట్టణంలో చేసిన ప్రదర్శన 'జగిత్యాల జైత్రయాత్ర'గా చరిత్రకెక్కింది. తరువాత కొన్ని గ్రామాలలో దొరలను సాంఘికంగా బహిష్కరించారు. చాకలి, మంగలి మొదలైనవారు వారి ఇళ్ళకు పనికి వెళ్ళడం మానుకొన్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కరీంనగర్ నుండి కొండగట్టు మీదుగా జగిత్యాలకు పోయే దారి వెంబడి ఊళ్ళలో పాటగాండ్ర పేరు చెప్పడానికి కూడా జనం భయపడిన కాలం అది. అయినా పశువులు కాచే పిల్లలు ఆ పాటలను మానలేదు. పాట ఎవరు నేర్పారని అడిగితే చెప్పడానికి వారి దగ్గర పేరు ఉండేది కాదు.

ఆదిలాబాద్ జిల్లాలో పరిస్థితి వేరు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. మృతుల స్మారకంగా 1983లో కట్టిన స్తూపం 1986లో పేల్చివేయబడి, తరువాత తిరిగి నిర్మించబడింది. ఇదే కాలంలో బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతాల బొగ్గుగనులలో సింగరేణి కార్మిక సమాఖ్య బలపడింది. గనికార్మికుల బస్తీలు మండలి పాటలకు మరొక ముఖ్యమైన శ్రోతృసమాజం.

ఈ ప్రాంతం శ్రోతలనే గాక రచయితలను కూడా ఇచ్చింది. ఆదిలాబాద్ జిల్లా (ప్రస్తుతం మంచిర్యాల జిల్లా) లింగాపురంలో జన్మించిన గూడ అంజయ్య (1955-2016) వారిలో అగ్రగణ్యుడు. ఊరూ వాడా ఎవరివని ప్రశ్నిస్తూ ఆయన రాసిన పాట అనేక భారతీయ భాషలలోకి అనువాదమైంది. మండలి కళాకారులు దీనిని వందల సభలలో పాడారు. ఫలితంగా అది గద్దర్ రచన అని చాలామంది పొరపడ్డారు, ఇప్పటికీ పొరపడుతూనే ఉన్నారు. అంజయ్య పాట గద్దర్‌ది కాదు. ఇటువంటి పొరపాట్లకు కారణం ఉంది. నిర్బంధ కాలంలో పాటల పుస్తకాలను చాలావరకు రచయిత పేరు లేకుండా, లేదా మారుపేరుతో అచ్చువేసేవారు. పేరు బయటపడితే ప్రాణాపాయం. ఆ విధంగా దాచిన పేర్లు కొన్ని ఆ మనుషులతోపాటే పోయాయి.

అజ్ఞాతవాసం

1980 ఏప్రిల్‌లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వాన పీపుల్స్ వార్ ఏర్పడింది. 1983లో వివిధ రాష్ట్రాల విప్లవ కళాకారులతో అఖిల భారత విప్లవ సాంస్కృతిక సమితి ఏర్పడినపుడు గద్దర్ దానిలో ప్రముఖ బాధ్యత వహించాడు. మండలి ప్రదర్శనలు ఇతర రాష్ట్రాలకు వ్యాపించాయి. కెనరా బ్యాంకులో 1975 నుండి చేస్తున్న ఉద్యోగాన్ని ఆయన 1984లో వదలివేశాడు.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. ఆ సంఘటనపై గద్దర్ కట్టిన పాట బాధితులను దీనులుగా గాక ఎదిరించి నిలిచినవారిగా చూపింది. దళిత సాహిత్య చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఆ సంవత్సరమే ఆయన ఇంటిపై పోలీసుల దాడి జరగగా, ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళి 1990 వరకు బయటికి రాలేదు. ఆ కాలంలో అడవి ప్రాంతాలలో కళాకారుల దళాలు పనిచేశాయి. ఆదివాసీ భాషలలో పాటలు వచ్చాయి. ఈ దళాలలోని పలువురు యువతీయువకులు ఎదురుకాల్పులలో మరణించారు.

1990 నాటి సభలు

మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం కొద్దికాలం నిర్బంధాన్ని సడలించడంతో 1990 ఫిబ్రవరిలో గద్దర్, సహచర కళాకారులు బహిరంగంగా కనిపించారు. హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు నగరం ఎన్నడూ చూడనంత జనం వచ్చారు. మే నెలలో వరంగల్లులో జరిగిన రైతుకూలీ సంఘం మహాసభలలోనూ మండలి ప్రదర్శనలే ప్రధాన ఆకర్షణ. ఈ దశలో పాటల క్యాసెట్లు విరివిగా అమ్ముడయ్యాయి. టీకొట్లలో, ఆటోలలో, పెళ్ళిపందిళ్ళలో కూడా అవి వినిపించేవి. 'రగల్ జెండా' నృత్యరూపకం ఈ కాలపు ప్రసిద్ధ ప్రదర్శనలలో ఒకటి.

ఈ స్వేచ్ఛ ఎంతోకాలం నిలవలేదు. 1992 మే నెలలో పీపుల్స్ వార్‌పై, దాని అనుబంధ సంఘాలపై నిషేధం విధించబడింది. 1995లో సడలించి, 1996లో తిరిగి విధించారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ సమీపంలోని వెంకటాపురంలో గద్దర్ ఇంటికి వచ్చిన ఆగంతకులు ఆయనపై కాల్పులు జరిపారు. వెన్నెముక దగ్గర దిగిన ఒక తూటాను వైద్యులు తీయలేకపోయారు. అది చివరివరకు ఆయన శరీరంలోనే ఉండిపోయింది. కోలుకున్న తరువాత ఆయన మరల గజ్జె కట్టి ఆడాడు. 2002లో, 2004లో ప్రభుత్వంతో శాంతి చర్చల సందర్భంగా వరవరరావుతోపాటు పార్టీ ప్రతినిధిగా వ్యవహరించాడు.

సినిమాలలో

మండలి సినిమాకు దూరంగా ఉన్నా సినిమా మండలికి దూరంగా ఉండలేదు. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా గౌతం ఘోష్ దర్శకత్వంలో వచ్చిన 'మా భూమి' (1979) చిత్రంలో గద్దర్ బండి యాదగిరి పాట పాడుతూ తెరపై కనిపిస్తాడు. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఈ చిత్రానికీ, ప్రజా నాట్య మండలి ఆడిన అదే పేరుగల నాటకానికీ సంబంధం లేదు. నర్సింగరావు దర్శకత్వం వహించిన 'రంగుల కల' (1983) లోనూ గద్దర్ పాటలు ఉన్నాయి. ఆర్. నారాయణమూర్తి చిత్రాల ద్వారా వంగపండు, గూడ అంజయ్య, గద్దర్ పాటలు కొత్త శ్రోతలకు చేరాయి. 'ఒరేయ్ రిక్షా' (1995) చిత్రంలోని అన్నాచెల్లెళ్ళ పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని గద్దర్ తిరస్కరించాడు. వంగపండు ప్రసిద్ధ గీతం పల్లవిని 2009 నాటి 'మగధీర' చిత్రంలో వాడుకోవడం వివాదాస్పదమైంది. భూమికోసం పోరుకు పిలిచే పాట నాయికానాయకుల ఆటపాటగా మారడం ఆ పాట ఎరిగినవారికి బాధ కలిగించింది.

విమర్శలు

మండలిపై ప్రధాన విమర్శ అది హింసను కీర్తించిందని. పీపుల్స్ వార్ చేతిలో పోలీసులు, రాజకీయ నాయకులే గాక ఇన్ఫార్మర్లన్న నెపంతో సామాన్యులు కూడా మరణించారు. వారికోసం మండలి పాట కట్టలేదు. విరసం కవులలో కొందరు పాటలోని సరళతను తేలికదనంగా భావించగా, దళిత రచయితలు కులం గురించి మండలి ఆలస్యంగా మాట్లాడిందని ఆక్షేపించారు. ఒక్క గాయకుని పేరు మొత్తం సంస్థను కప్పివేసిందన్న విమర్శ కూడా ఉంది. మండలిలో పనిచేసిన స్త్రీలలో పాఠకులకు తెలిసిన పేర్లు ఎన్ని అని ఆలోచిస్తే ఇది నిజమనిపిస్తుంది.

ఇటువంటి చిక్కులు ఈ ఒక్క సంస్థకే ఎదురుకాలేదు. ఇంగ్లండులో 1982లో ఏర్పడి 2012లో విరమించిన చంబావంబా అనే రాక్ బృందం కూడా ప్రధాన స్రవంతికి వెలుపలే పుట్టింది. 1984-85 బొగ్గుగని కార్మికుల సమ్మెకు మద్దతుగా పాడింది. 1997లో ఒక పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకొని ఒక్క పాటతో ప్రపంచ ప్రసిద్ధి పొందగానే పాత అభిమానులు ద్రోహమని దూషించారు. అక్కడ కంపెనీతో ఒప్పందం ప్రశ్న అయితే, ఇక్కడ పార్టీతో సంబంధం ప్రశ్న అయింది. బెల్లంపల్లి, యార్క్‌షైర్ గనికార్మికులు ఒకే దశాబ్దంలో తమ తమ పాటగాండ్రను వినడం ఆసక్తికరమైన విషయం.

తెలంగాణ ఉద్యమం, తరువాత

2000 తరువాత అడవిలో పార్టీ బలహీనపడుతున్నకొద్దీ మండలి బహిరంగ ప్రదర్శనలు తగ్గిపోయాయి. దాని కళారూపం మాత్రం ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోకి ప్రవహించింది. 2002లో కామారెడ్డిలో మొదలైన 'ధూం ధాం' సభల గొంగడి, గజ్జె, డప్పు అన్నీ మండలి నుండి వచ్చినవే. 1974లో ఏర్పడిన అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య కూడా విమలక్క నాయకత్వాన ఈ సభలలో పాల్గొన్నది. 'జై బోలో తెలంగాణ' (2011) చిత్రంలో గద్దర్ పాడిన పాట ఉద్యమ గీతమయింది.

2010లో గద్దర్ తెలంగాణ ప్రజా ఫ్రంట్‌ను స్థాపించాడు. 2012లో ఆయన రాజీనామాను ఆమోదించినట్లు మావోయిస్టు పార్టీ తరువాత ప్రకటించింది. దశాబ్దాలపాటు ఎన్నికలను బహిష్కరించమని పాడిన ఆయన 2018లో తొలిసారి ఓటు వేశాడు. 2020 ఆగస్టు 4న వంగపండు, 2023 ఆగస్టు 6న గద్దర్ మరణించారు. గద్దర్ అంత్యక్రియలను అల్వాల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో జరిపారు. ఒకప్పుడు ఆయనకోసం గాలించిన పోలీసులే తుపాకులతో వందనం చేశారు. తెలంగాణ ప్రభుత్వం చలనచిత్ర పురస్కారాలకు ఆయన పేరు పెట్టి, 2025 జూన్‌లో హైదరాబాదులో తొలిసారి వాటిని ప్రదానం చేసింది.